సంత ఎవరిది?

మా ప్రాంతమున గురువారపు సంత తెల్లవారకమునుపే మేలుకొనును. చింతచెట్ల క్రింద మేకలను కట్టివేసినవారు, కొడవళ్లు, పారలు, గునపములు పట్టాపై పరచుకొన్న కమ్మరులు, ఎండుచేపల గంపలు దించుకొనువారు, గాజుల మలారములతో వచ్చువారు, ట్రాలీ ఆటోలనుండి ఉల్లిపాయల బస్తాలు దింపించుకొను వర్తకులు, వీరందరును ఎవరి యాజ్ఞయు లేకయే, ఏండ్ల తరబడిగా వచ్చుచున్న వాడుక ననుసరించి ఎవరి తావున వారు సర్దుకొనుచుందురు. గడచిన మాఘమాసమున నేనా సంతలో నిలిచియుండగా ఒక వృద్ధురాలు గోనెపట్టాపై నలుబది గోంగూర కట్టలు పేర్చి, వాటిపై నీళ్లు చిలుకరించి, కూర్చుండబోవునంతలో చేత రసీదు పుస్తకము గల యువకుడొకడు వచ్చి ఎదుట నిలిచెను.

“బోణీ కాలేదు నాయనా, ఎండెక్కినాక ఇస్తాను.”

“బోణీతో మాకేం పనవ్వా? తియ్యి, ఇరవై.”

ఆమె కొంగుముడి విప్పి రెండు పదిరూపాయల నోట్లు ఇచ్చినది. అతడు చించియిచ్చిన కాగితముపై సంత పేరు అచ్చయియున్నదే గాని, మొత్తము వ్రాయవలసిన గడి ఖాళీగా నుండెను. ప్రక్కనే ఇరువది బస్తాల ఉల్లి దించుకొన్న వర్తకుడు చెల్లించినది నూరు రూపాయలు. కట్ట పదిరూపాయల చొప్పున ఒక్కటియు మిగులక అమ్ముడుపోయినను ఆ యవ్వ చేతికి వచ్చునది నాలుగువందలు. అనగా ఆమెపై పడిన సుంకము నూటికి ఐదు. ఉల్లి వర్తకుని సరకు విలువ ఆనాటి ధరలో ఇరువదివేలకు తక్కువ కాదు. అతనిపై పడినది నూటికి అర్ధరూపాయి. ఇది ఏ లెక్కన వసూలు చేయుచున్నావని నేనా యువకుని అడిగితిని. “ఈ ఏడు పాట ఎక్కువకు పోయింది సార్, మేమూ రాబట్టుకోవాలి గదా” అని అతడు దాపరికము లేకుండ జవాబు చెప్పెను. అతనియందు నాకు కోపము కలుగలేదు. రాష్ట్రప్రభుత్వములును స్థానికసంస్థలును వర్తకము విషయమున చేయుచున్న పొరపాటంతయు ఆ యొక్క వాక్యమున ఇమిడియున్నదని మాత్రము తోచినది.

ఆశీలు మన పల్లెలకు క్రొత్తమాట కాదు. సంతకు వచ్చిన గంపపై, బండిపై, పశువుపై స్థలాధికారి పుచ్చుకొను సుంకమునకు ఆ పేరు. దానిని తానై వసూలు చేయుటకు పంచాయతీకి సిబ్బంది చాలరు గనుక ఏటేట వసూలుహక్కును బహిరంగముగా వేలము వేయుదురు. ఎక్కువకు పాడినవాడు పాటదారు. అతడు పంచాయతీకి ఒప్పుకొన్న మొత్తమును చెల్లించి, ఆపై ఏడాది పొడవునను తన పెట్టుబడిని, తన మనుష్యుల జీతములను, తన లాభమును సంతకు వచ్చువారినుండి రాబట్టుకొనును. పాట పెరిగిన యేడు పంచాయతీవారు ఆదాయము పెరిగినదని సంతోషింతురు. ఆ పెరుగుదల ఎవరి కొంగుముడినుండి వచ్చినదో లెక్క చూచువారుండరు. సరకు నిలువచేసికొనగలవాడు, మరియొక ఊరికి తోలుకొని పోగలవాడు పాటదారుతో బేరమాడగలడు. సాయంకాలమునకు వాడిపోవు కూరను ముందుంచుకొని కూర్చున్నవారికి ఆ వీలు లేదు. కావున భారము సహజముగా బలహీనుని వైపే ఒరుగును.

1776లో ఆడమ్ స్మిత్ తన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ గ్రంథమున పన్నుల వసూలును గుత్తకిచ్చు పద్ధతిని విమర్శించుచు, గుత్తదారునకు ముట్టవలసిన లాభము కూడ ప్రజలే మోయవలసివచ్చును గనుక ఆ పద్ధతి ఎన్నటికిని మేలైనది కానేరదని వాదించెను. పన్ను ఎంతయో, ఎప్పుడు చెల్లించవలెనో, ఏ రీతిని చెల్లించవలెనో చెల్లించువానికి ముందుగా నిశ్చయముగా తెలిసియుండవలెనని ఆయన పెట్టిన నియమము ఎంతటి మౌలికమైనదో, అది లేనిచోట గాని తెలియదు. స్వేచ్ఛావిపణి సిద్ధాంతమును ధనికుల పక్షపుటాలోచనగా భావించువారు మనలో పెక్కుమంది కలరు. ఆ సిద్ధాంతమునకు మూలపురుషుడైన యీ స్కాట్లండు ఆచార్యుడు అడిగిన ప్రశ్న సంతలోని గోంగూర అవ్వ పక్షమున అడిగినదే.

మన చరిత్రలో ఈ ప్రశ్న పూర్వమొకమారు తేలినది. కుంపిణీ పాలనలో సాయరు పేరిట దారిసుంకములు, మొతర్ఫా పేరిట మగ్గముపై, దుకాణముపై, చేతివృత్తులపై పన్నులు ఉండెడివి. సరకు ఒక తాలూకా దాటి మరియొక తాలూకాకు పోవులోపల చౌకీ చౌకీకిని ఆగవలసియుండెను. సుంకముకంటె, సుంకము పేరిట జరుగు నిర్బంధమే వర్తకునకు ఎక్కువ భయము. 1834లో కుంపిణీ ఉద్యోగియైన ఛార్లెస్ ట్రెవెల్యన్ బంగాళపు లోపలి సుంకములపై వ్రాసిన నివేదిక ఆ వ్యవస్థ యెట్లు దేశీయ వర్తకమును నలిపివేయుచున్నదో విప్పి చూపినది. బంగాళమున 1836లోను, మన మద్రాసు రాజధానిలో 1844లోను దారిసుంకములు తొలగింపబడినవి. అదే ట్రెవెల్యన్ తరువాత 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చెను. స్వతంత్ర భారత రాజ్యాంగపు 301వ అధికరణము దేశమంతట వర్తకవాణిజ్యములు నిరాటంకముగా సాగవలెనని శాసించినది. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చిన పిమ్మట రాష్ట్రముల సరిహద్దులలోని వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు కూడ మూతపడినవి. లారీకి దారి తెరచుకొన్నది. గంపకు మాత్రము ఇంకను తెరచుకొనలేదు.

దీనికి ఢిల్లీని నిందించి ప్రయోజనము లేదు. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో సంతలు, తిరునాళ్లు రాష్ట్రముల జాబితాలో 28వ అంశము. 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో అవి 22వది. అనగా సామాన్యుని ఆర్థికస్వేచ్ఛకు సంబంధించిన నిత్యవ్యవహారము సచివాలయమునందును, మండలమునందును, గ్రామపంచాయతీ గదియందును తేలవలసినదే. మన సంపాదకీయములు కేంద్ర బడ్జెటుపై వ్రాయుదానిలో పదవవంతైనను పంచాయతీ వేలముపాటపై వ్రాయకపోవుట నాకు విచారకరముగానే యున్నది. ఇందు నా వంతు తప్పును కలదు.

సంతనుండి మార్కెట్ యార్డుకు పోయినచో ఇదే కథ పెద్ద అక్షరములతో కనబడును. కాని యిచట న్యాయముగా మాటలాడవలెనన్న యార్డు ఎందులకు పుట్టినదో ముందు చెప్పవలెను. తువాలు క్రింద చేతులు కలిపి, వ్రేళ్లతో ధర నొక్కి, రైతుకు వినబడకుండ దలారులు తమలో తాము బేరము తేల్చుకొనుచుండిన రోజులు పెద్దలకు జ్ఞాపకమే. మచ్చుకని గుప్పెళ్లు, తరుగని కిలోలు, ధర్మము పేర పైసలు, కాటాకూలి, హమాలీ, ఇవన్నియు పోగా తక్‌పట్టీ అను లెక్కచీటిలో మిగిలినది చూచుకొని రైతు నిర్ఘాంతపోవుట నిత్యకృత్యము. ఈ అన్యాయము నరికట్టుటకే 1886లో బీరారులోని కారంజా యందు పత్తికి తొలి నియంత్రిత విపణి ఏర్పడినది; 1897లో బీరారు పత్తి, ధాన్య విపణుల శాసనము వచ్చినది; 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ దేశమంతట అట్టి విపణులు కావలెనని సూచించిన పిదప, హైదరాబాదు సంస్థానమున 1339 ఫసలీ శాసనమును, మద్రాసు రాజధానిలో 1933 నాటి వాణిజ్యపు పంటల విపణుల శాసనమును వెలసినవి. ఆ రెండు పాయలు కలిసినదే 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము. సరియైన కాటా, బహిరంగమైన ధర, వ్రాతపూర్వకమైన లెక్క, ఈ మూటిని నిలబెట్టుట ప్రభుత్వధర్మము కాదని యే స్వేచ్ఛావాదియు అనలేడు. తూకము నమ్మదగినది కానిచోట బేరమే లేదు.

అయితే చట్టము అంతటితో ఆగలేదు. కాటాను కాపాడుటకు వచ్చినది క్రమముగా ద్వారమును కాపాడుటకు పూనుకొన్నది. ఒక ప్రాంతమును విపణి ప్రాంతముగా ప్రకటించి, ఆ ఎల్లలలోపల లైసెన్సు లేనివాడు ప్రకటిత పంటలను కొనరాదని శాసించిన క్షణమున, రైతును మోసమునుండి రక్షించు సాధనము రైతు సరకును కొనవచ్చువారి సంఖ్యను తగ్గించు సాధనముగా మారినది. కొనుగోలుదారు లైసెన్సు సంపాదింపవలెను, యార్డులో దుకాణము సంపాదింపవలెను, యార్డును నడపు మార్కెట్ కమిటీ దయను సంపాదింపవలెను. పాలకమండలిలో రైతుల పేరిట కూర్చుండువారిని ప్రభుత్వమే నామినేటు చేయుచున్నందున, మార్కెట్ కమిటీ అధ్యక్షపదవి ఎన్నికలలో శ్రమించినవారికి ఇచ్చు బహుమానముగా దిగజారినది. రాష్ట్రమున పాలకపక్షము మారినప్పుడెల్ల పాత కమిటీలు పోయి క్రొత్త కమిటీలు వచ్చుటయే యిందులకు సాక్ష్యము.

గుంటూరు మిర్చియార్డును మాఘఫాల్గుణములలో చూచినవారికి నేను చెప్పునది వెంటనే బోధపడును. రాత్రియంతయు తన టిక్కీ బస్తాలపైననే పండుకొన్న రైతు తెల్లవారి లేచి ముఖము కడుగుకొని కమీషన్ వ్యాపారి దుకాణము ముందు నిలుచుండును. కొనువాడు వచ్చి బస్తా కోసి, గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, లోని గింజను, రంగును, తేమను చూచి, తాలు పాలు ఎంతయో కన్నులతోనే తూచి ఒక మాట చెప్పును. ఆ చేతిలో, ఆ కంటిలో ఉన్న నేర్పు అసాధారణము. దానిని నేను గౌరవింతును. కాని రైతు ఆ మాటను కాదనవలెనన్న మరియొక కొనువాడు రావలెను. రాకున్నచో శీతలగిడ్డంగిలో పెట్టవలెను. అందుకు అద్దె కావలెను. ఎరువులకు, పురుగుమందులకు, కోతకూలికి ముందుగా అప్పిచ్చినవాడు ఆ కమీషన్ వ్యాపారియే అగుటచేత, సరకు మరియొక దుకాణమునకు తరలించుట మాటలతో అగునది కాదు. ఇట్లు అప్పు, లైసెన్సు, స్థలము మూడును ఒకేచోట ముడిపడినప్పుడు వేలము బహిరంగముగా జరిగినను బేరము స్వేచ్ఛగా జరిగినట్లు కాదు. మార్కెట్ ఫీజు నూటికి రూపాయియే కదా యని అధికారులు అందురు. పంజాబులో గోధుమ, వరిపై మార్కెట్ ఫీజు మూడు, గ్రామీణాభివృద్ధి రుసుము మూడు వసూలు చేయు రీతితో పోల్చిన మనది తక్కువయే. అసలు నష్టము ఆ రూపాయిలో లేదు. రాలేకపోయిన రెండవ కొనుగోలుదారు ఇచ్చియుండెడి ధరలో ఉన్నది. ఆ సొమ్ము ఏ ఖాతాలోను కనబడదు గనుక ఏ ఆడిటరును పట్టుకొనలేడు.

ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. పొన్నూరు ప్రక్కన నిడుబ్రోలులో పుట్టి, రైతూద్యమమునకు జీవితము ధారపోసిన ఆచార్య రంగా, 1959 జనవరిలో కాంగ్రెసు నాగపూరు సభ సహకార వ్యవసాయ తీర్మానము చేసినప్పుడు దానితో ఏకీభవింపలేక బయటికి వచ్చి, అదే యేడు రాజాజీతో కలిసి స్థాపించిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైనాడు. ఆ పార్టీ 1967లో లోక్‌సభయందు 44 స్థానములు గెలిచి ప్రతిపక్షములలో మొదటిదిగా నిలిచినది. 1974 నాటికి వేరొక పార్టీలో కలిసిపోయినది. అది సంస్థానాధీశుల పార్టీయని నాడు నిందించినవారికి ఒక సంగతి పట్టలేదు: తన పొలము తనది, తన పంట తనది, తన పంటను ఎవరికమ్మవలెనో నిర్ణయించుకొను హక్కు తనదియని రైతు కోరుట ఏ సంస్థానాధీశుని కోరికయు కాదు.

1999 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజారులను నేను మనసారా మెచ్చుకొందును. ప్రభుత్వము స్థలమిచ్చినది, నీడనిచ్చినది, కాటానిచ్చినది, రైతును పట్టణపు గృహిణి ఎదుట కూర్చుండబెట్టినది. ఇంతవరకు చేసినది సరియైన పని. కాని ప్రతి ఉదయము పలకపై అధికారి వ్రాయు ధర విషయమున నాకు సందేహము కలదు. 1945లో హయెక్ అను ఆర్థికవేత్త ‘సమాజమున జ్ఞానవినియోగము’ అను వ్యాసమున చెప్పినదేమనగా, ఆర్థికజీవనమునకు కావలసిన తెలివి ఏ యొక్కని మస్తిష్కమునందును పోగుపడి యుండదు. అది వేలమందిలో తునుకలు తునుకలుగా చెదరియుండును. ధరయే ఆ తునుకలను కలుపు సూత్రము. నా గోంగూర అవ్వకు ఏ వీథివారు ఎఱ్ఱగోంగూర అడుగుదురో, ఏ వేళకు ఉద్యోగస్థులు వత్తురో, వానమబ్బు పట్టిన నాడు ఎన్ని కట్టలు తక్కువ తేవలెనో తెలియును. పలకకు అది తెలియదు. ఆ పలక సమాచారము కొరకైనచో మంచిది. ఆజ్ఞ యైనచో ఆ తెలివి వృథాయగును.

ఎదుటిపక్షపు వాదము బలమైనది గనుక దానిని దాటిపోరాదు. బీహారు 2006లో మార్కెట్ చట్టమును పూర్తిగా రద్దుచేసినది. ఆశించినట్లు ప్రైవేటు పెట్టుబడులు వచ్చి క్రొత్త విపణులు వెలయలేదు, ఉన్న యార్డులు ఆలనాపాలనా లేక చెడినవి, చిన్నరైతు మరల ఊరి వర్తకుని గుమ్మమునకే పోయినాడు. స్వేచ్ఛావాదులు దీనిని దాచుటకు యత్నించుట తప్పు. నేను దానినుండి గ్రహించినదేమనగా, నిషేధమును తొలగించుట ఒక పని, కాటాను, దీపమును, దారిని, తగవు తీర్చు పెద్దను నిలుపుకొనుట మరియొక పని. మొదటిది చేసి రెండవది మానుట స్వేచ్ఛ కాదు, ప్రభుత్వపు అలసత. పంటల వర్తకముపై 2020 జూన్ నాటి కేంద్ర ఆర్డినెన్సులు, సెప్టెంబరులో అవి చట్టములగుట, 2021 జనవరిలో సుప్రీంకోర్టు వాటి అమలును నిలుపుట, నవంబరులో వాటిని ఉపసంహరించుకొనుట పాఠకులకు తెలిసినదే. రాష్ట్రముల జాబితాలోనిదానిని ఢిల్లీనుండి, రైతులతో చర్చింపక, హఠాత్తుగా మార్చబోయినందువలన మంచి యాలోచనయు అనుమానమునకు పాలైనది. స్వేచ్ఛను పైనుండి రుద్దరాదు.

మన్యపు సంతలను గూర్చి ఒకమాట. షావుకారుల దోపిడీనుండి గిరిజనులను కాపాడుటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. 1979 నాటి నిబంధన షెడ్యూల్డు ప్రాంతములలో చింతపండు, కుంకుడు, అడ్డాకు వంటి చిన్న అటవీ ఉత్పత్తుల కొనుగోలును దానికే ప్రత్యేకించినది. సంకల్పము పవిత్రమైనదే. కాని ఒక్క కొనుగోలుదారుడున్నచో ఆతడు ఎంతటి ధర్మాత్ముడైనను అమ్ముకొనువాడు అతని రాకకై ఎదురుచూడవలసినదే. అరకు కాఫీకి పలువురు కొనువారు పోటీపడి వచ్చిరి. ఆ కాఫీ 2017లో పారిస్ నగరమున తన పేరిటనే ఒక దుకాణము తెరచుకొన్నది. సహకారసంస్థ ఉండనిండు, బలపడనిండు. దాని ప్రక్కన మరియొకరు నిలుచుటకు చోటు మాత్రము మిగుల్పుడు.

కాగా నేను కోరునది విప్లవము కాదు. సంతలో స్థలమునకు, శుభ్రతకు, నీటికి, స్త్రీలకు మరుగుదొడ్డికి రుసుము పుచ్చుకొనుట న్యాయమే. సేవకు వెల యుండవలెను. ఆ వెలను పంచాయతీ తీర్మానముతో నిర్ణయించి, గంపకింత, తోపుడుబండికింత, లారీకింతయని తెలుగున బోర్డుపై వ్రాసి సంత ముఖద్వారమున పాతవలెను. తలపై మోసికొని వచ్చిన గంపకు అసలే పుచ్చుకొనకున్న మరియు మేలు. దానివలన వచ్చు నష్టము పంచాయతీకి పెద్దది కాదు. పొరుగూరివారు మరియొకనాడు క్రొత్త సంత పెట్టుకొందుమన్న లైసెన్సు పేరిట అడ్డుపడరాదు. రెండు సంతలు పోటీపడినచో రెండింటిలోను మురుగుకాలువ బాగుపడును. రాష్ట్రమంతటికి చెల్లు ఒకే లైసెన్సును, అడిగినవారికెల్ల లేదనక, కమిటీల ప్రమేయము లేకుండ ఇయ్యవలెను. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ‘ఈ-నామ్’ అను ఎలక్ట్రానిక్ విపణి ద్వారా నిజామాబాదు పసుపును దూరప్రాంతపువాడు కొనగలుగుచున్నాడనుట నిజము. అట్టివాడు నిజముగా రావలెనన్న నాణ్యతను నిర్ధారించు పరీక్షశాల యార్డులో నుండవలెను. ప్రభుత్వము ధనము వెచ్చింపవలసినది అచటనే. పట్టణములలో 2014 నాటి వీథివ్యాపారుల చట్టము సర్వే పూర్తికాకుండ ఎవరిని తొలగింపరాదని అభయమిచ్చినది. కాని జనాభాలో నూటికి రెండున్నర మందికే చోటను దాని పరిమితి, రేపు మూడవవాడు గంప నెత్తుకొని వచ్చిన నాడు ఏమి సమాధానము చెప్పునో నాకు అర్థము కాలేదు.

ఆశీలు పాటలు సాధారణముగా మార్చి నెలలో జరుగును. ఈసారి మీ ఊరి పాట జరుగునాడు పోయి ఆ గదిలో కూర్చుండుడు. పాట ఎంతకు పోయినదని మాత్రమే విని రాక, గంపకెంత పుచ్చుకొందురో సర్పంచును అందరియెదుట అడుగుడు. ఆ జవాబును బోర్డుపై వ్రాయించి, సంత మొదలగు దినమునకు ముందే పాతింపుడు.